ఎక్స్-రే యంత్రం ముందు నిలబడి భౌతికశాస్త్రం నేర్చుకోవడం ఎలా

విశాఖపట్నంలో రేడియోగ్రఫీ డిప్లొమాలోనో, మెడికల్ ఇమేజింగ్ డిగ్రీలోనో చేరిన విద్యార్థికి మొదటి ఏడాది అన్నిటికంటే బరువుగా తోచే పాఠం ఎక్స్-కిరణాల భౌతికశాస్త్రం. కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రిలో పోస్టింగు మొదలైన కొద్ది వారాలకే రోగిని ఎలా నిలబెట్టాలో, కాసెట్ (చిత్రం నమోదయ్యే పలక) ఎక్కడ పెట్టాలో చేతికి అలవాటవుతుంది. భౌతికశాస్త్రం మాత్రం పరీక్షకు ముందు బట్టీ పట్టే నిర్వచనాల మూటగానే మిగిలిపోతుంది. చరిత్రకు జరిగే అన్యాయం ఇంకా ఎక్కువ. ఒక పేరు, ఒక తేదీ, ఒక నోబెల్ బహుమతి రాస్తే రెండు మార్కుల ప్రశ్న ముగిసిపోతుంది. ఈ రెంటినీ విడివిడిగా చదవడమే కష్టానికి మూలమని నా అభిప్రాయం. మీ గదిలోని యంత్రంలో ఉన్న ప్రతి భాగమూ ఏదో ఒక కాలంలో ఎవరికో ఎదురైన చిక్కుకు దొరికిన పరిష్కారమే కాబట్టి, ఆ చిక్కేమిటో తెలిసినవారికి సూత్రాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం అంతగా ఉండదు. అందుచేత ఎలక్ట్రాన్ బయలుదేరిన చోటు నుంచి చిత్రం ఏర్పడేవరకు వరుసగా నడుస్తూ, ప్రతి మజిలీలోనూ ఆ భాగం ఎందుకు వచ్చిందో, దాన్ని మీరు స్వయంగా ఎలా పరీక్షించవచ్చో ఇక్కడ వివరిస్తాను.

మొదట రాంట్‌జెన్ ఏమి చేశారో చదవండి

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో 1895 నవంబరు 8న విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ గాలిని చాలావరకు తీసివేసిన గాజు గొట్టం గుండా విద్యుత్తును పంపుతున్నారు. గొట్టాన్ని నల్లని అట్టతో పూర్తిగా కప్పి, గదిని చీకటి చేశారు. అయినా బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర ఒకటి దూరాన మెరిసింది. చాలా పుస్తకాలు ఇక్కడి నుంచి నేరుగా డిసెంబరు 22న ఆయన భార్య అన్నా బెర్తా చేతిని తీసిన చిత్రానికి వెళ్లిపోతాయి. విద్యార్థికి అసలు పనికొచ్చేది ఈ రెండు తేదీల మధ్య ఆరు వారాల్లో ఆయన చేసిన పరీక్షలు. డిసెంబరు 28న ఆయన సమర్పించిన వ్యాసం నిండా ఉన్నవి అవే.

సుమారు వెయ్యి పుటల పుస్తకాన్ని అడ్డుపెట్టినా తెర మెరిసింది. పదిహేను మిల్లీమీటర్ల అల్యూమినియం కిరణాలను బాగా బలహీనపరిచింది కాని పూర్తిగా ఆపలేకపోయింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల సీసం దాదాపు పూర్తిగా ఆపింది. చేతిని అడ్డుపెడితే మాంసం లేత నీడగా, ఎముకలు ముదురు నీడగా కనిపించాయి. అయస్కాంతం ఈ కిరణాలను వంచలేకపోయింది. గొట్టం లోపల ఋణధ్రువం నుంచి వెలువడే కాథోడ్ కిరణాలను అయస్కాంతంతో పక్కకు మళ్లించినప్పుడు మాత్రం, అవి గాజుగోడపై కొత్తగా తగిలిన చోటి నుంచే ఎక్స్-కిరణాలు వెలువడ్డాయి. వేగంగా వస్తున్నదేదో ఘనపదార్థానికి కొట్టుకుని ఆగినచోట ఈ కిరణాలు పుడతాయని దీనితో తేలింది. మీ పాఠ్యపుస్తకంలోని సీసపు రక్షణ, అల్యూమినియం వడపోత, కణజాలాల మధ్య వ్యత్యాసం, ట్యూబు లోపలి లక్ష్యం అనే నాలుగు అధ్యాయాల బీజాలు ఈ ఒక్క వ్యాసంలో ఉన్నాయి. తెరపై పడే తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని కూడా ఆయన అందులోనే కొలిచి చూపారు.

అప్పటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. కాథోడ్ కిరణాలు ఎలక్ట్రాన్ల ప్రవాహమేనని జె.జె. థామ్సన్ గుర్తించింది 1897లో. కాథోడ్ కిరణాలంటే ఏమిటో తేలకముందే వాటితో పుట్టిన కిరణాల గుణాలను ఇంత కచ్చితంగా రాయగలగడం పరిశీలనకున్న బలం. రాంట్‌జెన్ తన ఆవిష్కరణకు పేటెంట్ తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. నవంబరు 8ని ప్రపంచ రేడియోగ్రఫీ దినంగా జరుపుకుంటున్నారు కదా, ఆ రోజు పటానికి దండ వేయడంతో సరిపెట్టకుండా పైన చెప్పిన పరీక్షలను తరగతిలో ఒకసారి చదివితే బాగుంటుంది.

ట్యూబు లోపల ఎలక్ట్రాన్ ప్రయాణం

1896 నుంచి పదిహేడేళ్లపాటు వైద్యులు వాడినవి వాయువు కొద్దిగా మిగిలి ఉన్న గొట్టాలు. ఎలక్ట్రాన్లు ఆ మిగిలిన వాయువుపై ఆధారపడి పుట్టేవి. వాడేకొద్దీ లోపలి వాయువు తగ్గేది, అదే అమరికతో నిన్న వచ్చిన చిత్రం నేడు వచ్చేది కాదు. కిరణాల సంఖ్యా, వాటి చొచ్చుకుపోయే శక్తీ కలగాపులగంగా మారేవి. గొట్టం ఆ రోజు ఎలా ఉందో చూసుకోవడానికి పనివారు తమ చేతినే తెరముందు పెట్టి ఎముకలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో చూసుకునేవారు. రోజూ అలా చేసినవారి చేతులు పుండ్లు పడ్డాయి, వేళ్లు తీసివేయవలసి వచ్చింది. థామస్ ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ ఈ కిరణాల వల్ల వచ్చిన క్యాన్సర్‌తో 1904లో మరణించాడు. డాలీకి జరిగిన హాని చూసి ఎడిసన్ అంతకుముందే ఎక్స్-కిరణాల పని వదిలేశారు.

ఈ చిక్కును విడదీసింది 1913లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ రూపొందించిన వేడి కాథోడ్ ట్యూబు. వాయువును వీలైనంతగా తీసివేసి, టంగ్‌స్టన్ తీగను వేడిచేసి దాని నుంచే ఎలక్ట్రాన్లను రప్పించారు. తీగ ఎంత వేడెక్కితే అన్ని ఎలక్ట్రాన్లు వస్తాయి. వాటిని ఎంత వేగంతో విసరాలన్నది ధ్రువాల మధ్య వోల్టేజి నిర్ణయిస్తుంది. కన్సోల్ (యంత్రాన్ని నడిపే బల్ల) మీద ఎం.ఏ.కు (మిల్లీ ఆంపియర్లు, ట్యూబు కరెంటు) ఒక మీట, కె.వి.కి (కిలోవోల్టులు, ట్యూబు వోల్టేజి) మరొక మీట వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే. రేడియోగ్రఫీ భౌతికశాస్త్రంలో ఒక్క సంగతే నేర్చుకునే వీలుంటే నేను ఈ విభజననే ఎంచుకుంటాను, ఎందుకంటే మిగిలినదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. వంద ఎం.ఏ. అంటే సెకనుకు సుమారు 6,250 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు కాథోడ్ (ఋణధ్రువం) నుంచి ఆనోడ్‌కు (ధనధ్రువం, ఎలక్ట్రాన్లు తగిలే లక్ష్యం) దూకుతున్నాయి. 100 కె.వి., 200 ఎం.ఏ. వద్ద ఆ శక్తి 20 కిలోవాట్లు. పదోవంతు సెకను పాటు కిరణాలు వెలువరించే ఒక్క ఎక్స్‌పోజర్‌లోనే దాదాపు 2,000 జౌళ్ల శక్తి మిల్లీమీటరు వెడల్పున్న చిన్న పట్టీపై పడుతుంది. అందులో ఎక్స్-కిరణాలుగా మారేది ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే, మిగిలినదంతా వేడి. ఆ కారణంగా ఆనోడ్‌కు టంగ్‌స్టన్‌ను ఎంచుకున్నారు. దాని ద్రవీభవన స్థానం 3,422 డిగ్రీల సెల్సియస్, పరమాణు సంఖ్య 74. మొదటి గుణం వేడిని తట్టుకోవడానికి, రెండోది కిరణాల దిగుబడికి.

అది కూడా చాలనప్పుడు ఆనోడ్‌ను తిరిగే పళ్లెంగా మార్చారు. ఎక్స్‌పోజర్ బటన్ రెండు దశల్లో నొక్కవలసి రావడం మీరు గమనించే ఉంటారు. మొదటి దశలో పళ్లెం నిమిషానికి మూడు వేల చుట్లకు దగ్గరగా వేగం అందుకుంటుంది, తీగ పూర్తి వేడికి చేరుతుంది. రెండో దశలో వోల్టేజి వస్తుంది. రోగి ఇంకా సర్దుకోకముందే మొదటి దశ నొక్కి పట్టుకుని ఎదురుచూడటం చాలామంది కొత్తవారికి అలవాటు. అలా పట్టుకున్నంతసేపూ తీగ నుంచి టంగ్‌స్టన్ ఆవిరవుతూనే ఉంటుంది, ట్యూబు ఆయుష్షు తగ్గుతుంది. ఉదయం మొదటి రోగికి ముందు తక్కువ లోడుతో ట్యూబును వేడెక్కించే క్రమాన్ని కూడా ఎగ్గొట్టకూడదు. చల్లగా ఉన్న పళ్లెంపై ఒక్కసారిగా పెద్ద లోడు పడితే అది చిట్లే ప్రమాదం ఉంది.

ఆనోడ్ ముఖం ఏటవాలుగా ఎందుకుంటుందన్నది పటం చూసినా చాలామందికి అంతుపట్టదు. చెరకు గడను ఏటవాలుగా కోస్తే కోసిన ముఖం పొడవుగా ఉంటుంది, గడను చివరి వైపు నుంచి చూసినవారికి మాత్రం అది గడ మందాన గుండ్రంగానే కనిపిస్తుంది. ఆనోడ్ విషయంలోనూ ఎలక్ట్రాన్లు తగిలే చోటు పొడవుగా ఉండి వేడిని పంచుకుంటుంది, రోగి వైపు నుంచి చూస్తే అది చిన్న చుక్కగా ఉండి నీడ అంచులను పదునుగా ఉంచుతుంది. ఈ లాభానికి చెల్లించే మూల్యం హీల్ ఎఫెక్ట్. ఆనోడ్ వైపు వెళ్లే కిరణాలు ఆనోడ్ లోహంలోనే ఎక్కువ దూరం ప్రయాణించి బలహీనపడతాయి కాబట్టి కాథోడ్ వైపు తీవ్రత ఎక్కువ. శరీరభాగంలో మందంగా ఉన్న కొసను కాథోడ్ వైపు ఉంచమని మీ సీనియర్ చెప్పడానికి కారణం ఇది. తొడ ఎముక తీస్తున్నప్పుడు తుంటి కొస కాథోడ్ వైపు ఉండాలి. మీ ట్యూబు తొడుగుపై ధన, ఋణ గుర్తులు ఎక్కడున్నాయో ఒకసారి వెతికి చూసుకోండి.

ఎలక్ట్రాన్ టంగ్‌స్టన్‌లో ప్రవేశించాక కిరణం రెండు విధాలుగా పుడుతుంది. కేంద్రకం దగ్గరగా పోతూ వంగి, వేగం కోల్పోయినప్పుడు ఆ కోల్పోయిన శక్తి ఫోటాన్‌గా (ఒక కిరణపు శక్తి పొట్లంగా) వస్తుంది. ఇది బ్రెమ్‌స్ట్రాలుంగ్. నష్టం ఎంతైనా కావచ్చు కాబట్టి సున్నా దగ్గర నుంచి గరిష్ఠం వరకు అన్ని శక్తులూ ఇందులో ఉంటాయి. ఎలక్ట్రాన్ తన శక్తినంతా ఒక్కసారిగా ఇచ్చేస్తే వచ్చేదే గరిష్ఠం. దాన్ని మీరు పెట్టిన కె.వి. నిర్ణయిస్తుందని డ్యూయేన్, హంట్ 1915లో చూపారు. వంద కె.వి. పెడితే ఏ ఫోటాన్‌కూ 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక్కో ఫోటాన్ శక్తిని కొలిచే ప్రమాణం) మించవు, తరంగదైర్ఘ్యం 0.0124 నానోమీటరు కంటే తగ్గదు. సగటు శక్తి మాత్రం గరిష్ఠంలో మూడోవంతుకూ సగానికీ మధ్య ఉంటుంది. పరీక్షలో ఈ తేడా మరిచిపోయి, 80 కె.వి. కిరణపుంజంలోని ఫోటాన్లన్నిటికీ 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయని రాసేవారు ఏటా కనిపిస్తారు.

రెండో విధం అభిలాక్షణిక వికిరణం. వచ్చిన ఎలక్ట్రాన్ టంగ్‌స్టన్ పరమాణువులోని కె కక్ష్య ఎలక్ట్రాన్‌ను తన్ని బయటికి పంపితే, ఆ ఖాళీని పై కక్ష్యలోనిది నింపుతూ స్థిరమైన శక్తిగల ఫోటాన్‌ను విడుదల చేస్తుంది. కె కక్ష్య బంధన శక్తి 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి 65 కె.వి. వద్ద తీసిన చేతి చిత్రంలో ఈ కె వికిరణం ఏమీ ఉండదు. ప్రతి మూలకానికీ తనదైన ఎక్స్-కిరణాలు ఉంటాయని చూపిన చార్లెస్ బార్క్లాకు 1917 నోబెల్ బహుమతి లభించింది.

బయటికి వచ్చే కిరణపుంజంలో అతి తక్కువ శక్తిగలవి చిత్రానికి పనికిరావు, చర్మంలోనే ఆగిపోయి రోగి శరీరానికి తగిలే కిరణాల మోతాదును మాత్రం పెంచుతాయి. వాటిని ఆపడానికే అల్యూమినియం వడపోత. వంద కె.వి. మించి పనిచేసే ట్యూబుకు మొత్తం వడపోత కనీసం 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియంతో సమానంగా ఉండాలి.

కన్సోల్ మీది అంకెలను ఎలా ఆలోచించాలి

ఎక్స్‌పోజర్ చార్టును గుడ్డిగా పాటించేవారికీ, అర్థం చేసుకుని వాడేవారికీ తేడా బయటపడేది చార్టులో లేని రోగి ఎదురైనప్పుడే. పాడేరు వైపు నుంచి బక్కచిక్కిన వృద్ధుడు వస్తాడు, మరుసటి రోగి స్థూలకాయుడు, ఆ తర్వాత ఊపిరి బిగబట్టలేని నాలుగేళ్ల పిల్ల. ముగ్గురికీ ఒకే ఛాతీ పరీక్ష. మీరు వేసుకోవలసిన ప్రశ్నలకు ఒక వరుస ఉంది. ఈ భాగం గుండా కిరణం బయటపడాలంటే ఎంత చొచ్చుకుపోవాలి అన్నది మొదటి ప్రశ్న, దానికి జవాబు కె.వి. బయటపడిన కిరణాల సంఖ్య చిత్రానికి చాలుతుందా అన్నది రెండోది, దానికి జవాబు ఎం.ఏ.ఎస్. (ఎం.ఏ.ను సెకన్లతో గుణించిన విలువ). రోగి ఎంతసేపు కదలకుండా ఉండగలడు అన్నది మూడోది. ఆ జవాబును బట్టి అదే ఎం.ఏ.ఎస్.ను ఎం.ఏ., సెకన్ల మధ్య పంచుకోవాలి. రెండు వందల ఎం.ఏ. వద్ద 0.1 సెకను అయినా, 400 ఎం.ఏ. వద్ద 0.05 సెకను అయినా 20 ఎం.ఏ.ఎస్.లే. పిల్లలకు రెండోది మేలు, ట్యూబు సామర్థ్యం అనుమతించినంతవరకు.

కె.వి. పెంచితే చొచ్చుకుపోయే శక్తితోపాటు కిరణాల దిగుబడి కూడా పెరుగుతుంది. అందుకే కె.వి.ని 15 శాతం పెంచితే ఎం.ఏ.ఎస్.ను సగానికి తగ్గించవచ్చన్న వాడుక సూత్రం ఏర్పడింది. డెబ్భై కె.వి., 20 ఎం.ఏ.ఎస్. స్థానంలో 80 కె.వి., 10 ఎం.ఏ.ఎస్. దాదాపు అంతే పని చేస్తుంది. రోగికి మోతాదు తగ్గుతుంది, దానితోపాటు కాంట్రాస్ట్ (చిత్రంలో తెలుపు నలుపుల తేడా) కూడా తగ్గుతుంది. ఏది కావాలో పరీక్ష స్వభావమే చెప్పాలి.

దూరం మూడో మీట, కన్సోల్ మీద కనిపించదు కాబట్టి తరచు మరుపునకు వస్తుంది. వంద సెంటీమీటర్ల నుంచి 180 సెంటీమీటర్లకు ట్యూబును జరిపితే తీవ్రత 3.24 రెట్లు తగ్గుతుంది. అంతకుముందు 10 ఎం.ఏ.ఎస్. సరిపోతే ఇప్పుడు సుమారు 32 కావాలి. మరి ఛాతీని అంత దూరం నుంచి ఎందుకు తీస్తున్నాం? గుండె డిటెక్టర్‌కు (కిరణాలను పట్టి చిత్రంగా మార్చే పలకకు) 15 సెంటీమీటర్ల ముందు ఉందనుకుంటే, 100 సెంటీమీటర్ల దూరంలో దాని నీడ అసలు పరిమాణం కంటే సుమారు 18 శాతం పెద్దదిగా పడుతుంది, 180 వద్ద 9 శాతమే. గుండె పెరిగిందా లేదా అని వైద్యుడు చెప్పవలసిన చోట ఈ తేడా చిన్నది కాదు. మంచం మీది రోగికి పోర్టబుల్ యంత్రంతో తీసినప్పుడు దూరం ఎంతో, రోగి ఏ భంగిమలో ఉన్నాడో చిత్రంపై రాయమనడం ఇందుకే.

ఫిల్ము కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు వెంటనే బయటపడేది. డిజిటల్‌లో కంప్యూటర్ అన్నిటినీ సమానంగా చేసి చూపుతుంది. తక్కువైతే చిత్రం గరుకుగా, మచ్చలుగా కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఎక్కువైతే చిత్రం చక్కగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు, మోతాదు మాత్రం రోగి మోస్తాడు. రోజులు గడిచేకొద్దీ విభాగమంతా తెలియకుండానే ఎం.ఏ.ఎస్. పెంచుకుంటూ పోవడం దీని ఫలితం. ప్రతి చిత్రంతోపాటు వచ్చే ఎక్స్‌పోజర్ ఇండెక్స్‌ను (డిటెక్టర్‌కు ఎంత కిరణం చేరిందో చెప్పే అంకెను) నోటు పుస్తకంలో రాసుకోవడమే దీనికి మందు. కె.వి., ఎం.ఏ.ఎస్., దూరం, భాగం మందం, ఇండెక్స్ అనే అయిదు గడులు చాలు. రోగి పేరు అందులో రాయకూడదు.

శరీరంలో ఏమి జరుగుతుంది

కణజాలంలో కిరణాలకు ఎదురయ్యే ముఖ్యమైన మార్పులు రెండు. ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారిపోయే జంట ఉత్పత్తి అనే మూడోదానికి 1.022 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి కాబట్టి మన గదిలో దాని ప్రసక్తి లేదు.

మొదటిది ఫోటో ఎలక్ట్రిక్ ప్రభావం. ఫోటాన్ తన శక్తినంతా లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌కు ఇచ్చి అంతర్థానమవుతుంది. దీని సంభావ్యత పరమాణు సంఖ్య ఘనానికి దాదాపు అనులోమంగా, ఫోటాన్ శక్తి ఘనానికి విలోమంగా ఉంటుంది. మెత్తని కణజాలపు ప్రభావక పరమాణు సంఖ్య 7.4, ఎముకది 13.8 అనుకుంటే ఘనాల నిష్పత్తి ఆరున్నర దగ్గర తేలుతుంది. ఎముక తెల్లగా కనిపించడంలో దాని సాంద్రత పాత్ర కొంత, ఈ ఆరున్నర రెట్ల పాత్ర ఎక్కువ. అయోడిన్ పరమాణు సంఖ్య 53, బేరియంది 56. కె కక్ష్య నుంచి ఎలక్ట్రాన్‌ను పెకలించడానికి కావలసిన శక్తి అయోడిన్‌కు 33.2, బేరియంకు 37.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మన కిరణపుంజపు సగటు శక్తి ఆ విలువలకు కాస్త పైన ఉండటం వల్ల ఇవి కాంట్రాస్ట్ మందులుగా (మెత్తని అవయవాలను చిత్రంలో విడిగా చూపే మందులుగా) బాగా పనిచేస్తాయి.

రెండోది కాంప్టన్ పరిక్షేపణం. ఆర్థర్ కాంప్టన్ 1923లో వివరించిన ఈ ప్రక్రియలో ఫోటాన్ బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌కు కొంత శక్తి ఇచ్చి దారి మళ్లుతుంది. పరమాణు సంఖ్యతో దీనికి దాదాపు నిమిత్తం లేదు. దారి తప్పిన ఫోటాన్ డిటెక్టర్‌పై ఎక్కడో పడి, లేని సమాచారాన్ని ఉన్నట్టు నమోదు చేస్తుంది. చిత్రమంతా పొగమంచు కమ్మినట్టు అవుతుంది. ఎక్స్‌పోజర్ సమయంలో గదిలో నిలబడినవారికి తగిలే మోతాదు కూడా ముఖ్యంగా రోగి శరీరం నుంచి చెదిరి వచ్చినదే.

ఈ అధ్యాయంతో విశాఖకు దగ్గరి సంబంధం ఉంది. భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి సన్యాసం స్వీకరించిన స్వామి జ్ఞానానంద, ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాలపై పరిశోధించి, తర్వాత లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ వద్ద పనిచేసి, 1950ల నడుమ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. గామా ఫోటాన్లు వివిధ లోహాల్లో ఎంత శోషణకు, ఎంత పరిక్షేపణానికి గురవుతాయన్న కొలతలకు ఆ విభాగం పేరు తెచ్చుకుంది. అక్కడి ప్రయోగశాలలు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉన్నాయి. మీరు పుస్తకంలో చూసే శోషణ పట్టికలకు కావలసిన కొలతల్లాంటివి ఈ ఊరి కొండమీద కూడా జరిగాయని తెలిసి చదవడం వేరు.

పరిక్షేపణాన్ని ఎదుర్కోవడానికి 1913లో గుస్తావ్ బకీ సీసపు పట్టీల గ్రిడ్‌ను తయారుచేశారు. వంకరగా వచ్చే కిరణాలను పట్టీలు ఆపుతాయి, తిన్నగా వచ్చేవి సందుల్లోంచి పోతాయి. చిక్కేమిటంటే పట్టీల గీతలు చిత్రంపై పడేవి. హోలిస్ పాటర్ గ్రిడ్‌ను ఎక్స్‌పోజర్ సమయంలో కదిలించి ఆ గీతలను చెరిపేశారు. గ్రిడ్ కొన్ని మంచి కిరణాలను కూడా తినేస్తుంది కాబట్టి ఎం.ఏ.ఎస్. పెంచక తప్పదు. అందుకే చేతివేళ్ల వంటి పలుచని భాగాలకు గ్రిడ్ పెట్టం. గ్రిడ్‌కు ముందే వాడవలసిన ఆయుధం, కిరణపుంజం వెడల్పును కుదించే కాలిమేటర్. కిరణం పడే వైశాల్యం తగ్గితే చెదిరే కిరణాలూ తగ్గుతాయి, మోతాదూ తగ్గుతుంది, దీనికి ఖర్చేమీ లేదు. కాలిమేటర్‌ను పూర్తిగా తెరిచి తీసి, తర్వాత కంప్యూటర్‌లో కత్తిరించే అలవాటును మొదటి రోజుల్లోనే మానుకోవాలి.

చేసి చూడవలసినవి

ఇవన్నీ విభాగపు ఇన్‌చార్జి అనుమతితో, రోగులు లేని వేళ, రక్షణ గోడ వెనుక నుంచి మాత్రమే చేయాలి. మీ చేతినో, తోటి విద్యార్థి చేతినో పరీక్షకు పెట్టడం నేరంతో సమానం. అందుకు కారణం పైన గొట్టాల కథలో చదివారు.

అయిదు లీటర్ల మంచినీళ్ల క్యాన్‌ను నీళ్లతో నింపి బల్లపై పెట్టండి, దానిపై ఒక తాళంచెవి ఉంచండి. ఒకసారి కాలిమేటర్ పూర్తిగా తెరిచి, మరోసారి తాళంచెవి చుట్టూ మూసి, ఇంకోసారి గ్రిడ్‌తో తీయండి. మూడు చిత్రాల్లో తాళంచెవి అంచు ఎలా మారిందో చూస్తే కాంప్టన్ అధ్యాయం మళ్లీ చదవనక్కరలేదు. నీటిలో సగటున 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లు 3.4 సెంటీమీటర్లకొకసారి సగమవుతాయి. అంటే 20 సెంటీమీటర్ల పొట్టను చెదరకుండా దాటేవి అరవైలో ఒక వంతు. లావాటి రోగికి ఎక్స్‌పోజర్ ఎందుకు అంత పెరుగుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఒకే ఎం.ఏ.ఎస్.తో డిటెక్టర్‌ను 100 సెంటీమీటర్ల వద్ద ఒకసారి, 200 వద్ద ఒకసారి ఎక్స్‌పోజ్ చేసి ఇండెక్స్‌లను పోల్చండి. రెండోది నాలుగోవంతుకు దగ్గరగా రావాలి. కొన్ని కంపెనీల ఇండెక్స్ సంవర్గమాన కొలతలోనో, ఎక్స్‌పోజర్ పెరిగితే తగ్గేలాగో ఉంటుంది కాబట్టి ముందు మాన్యువల్ చూసుకోవాలి. కాలిమేటర్ దీపపు వెలుగు నాలుగు అంచులకూ తగిలేలా రూపాయి బిళ్లలు పెట్టి తీస్తే, వెలుగూ కిరణమూ ఒకే చోట పడుతున్నాయా లేదా తేలిపోతుంది. హీల్ ఎఫెక్ట్ కోసం ట్యూబును దగ్గరికి దించి, వెడల్పైన క్షేత్రంతో ఖాళీ డిటెక్టర్‌ను తీసి రెండు కొసలను పోల్చండి.

సముద్రతీరపు ఊరిలో ఇంకొక జాగ్రత్త ఉంది. ఇక్కడి ఉక్క, ఉప్పుగాలి హైటెన్షన్ కేబుళ్ల కొసలకూ, కనెక్టర్లకూ, డిటెక్టర్లకూ మంచివి కావు. ఎయిర్ కండిషనర్ రోగి సుఖం కోసం పెట్టినదని అనుకుని సాయంత్రం ఆపేసే విభాగాలు ఉన్నాయి. గదిలో తేమ మీటరు పెట్టి, తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉందో లేదో రోజూ రాయడం విద్యార్థికి అప్పగించదగిన పని.

మీ మోతాదు

హాంబర్గ్‌లో 1936లో ఎక్స్-కిరణాలకూ రేడియంకూ బలైనవారి స్మారక స్తంభం నెలకొల్పినప్పుడు దానిపై 169 పేర్లు ఉన్నాయి. వారిలో వైద్యులతోపాటు మీలాంటి సాంకేతిక నిపుణులూ ఉన్నారు. నేటి నియమాలన్నీ ఆ అనుభవం నుంచి వచ్చినవే. మన దేశంలో వీటిని చూసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. కిరణాలతో పనిచేసేవారికి వరుసగా అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీ సీవర్టులు (మోతాదును కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదన్నది దాని పరిమితి. సామాన్య ప్రజలకు ఏడాదికి 1. పోలిక కోసం చెప్పాలంటే, ప్రకృతి నుంచి మనుషులకు అందే సగటు మోతాదు ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 2.4 మిల్లీ సీవర్టులు, ఒక ఛాతీ చిత్రానిది దాదాపు 0.02. రోగి భయపడి అడిగినప్పుడు ఈ పోలిక చెప్పడం ఉపయోగం. ప్రసవ వయసులోని స్త్రీని గర్భం విషయం అడగకుండా పొట్ట చిత్రం తీయకూడదు. ఆ ప్రశ్నను నలుగురిలో కాక, విడిగా, మర్యాదగా అడగాలి.

మోతాదును తగ్గించేవి కాలం, దూరం, అడ్డు. వార్డులో పోర్టబుల్ తీసేటప్పుడు ఈ మూడింటిలో దూరమే మీ చేతిలో ఉంటుంది. కేబుల్ పూర్తిగా సాగేంత, కనీసం రెండు మీటర్లు, రోగికి దూరంగా నిలబడి, సీసపు ఆప్రాన్ వేసుకుని, తీస్తున్నానని పక్క మంచాల వారికి గట్టిగా చెప్పిన తర్వాతే బటన్ నొక్కాలి. రోగిని పట్టుకోవలసి వస్తే బంధువుకు ఆప్రాన్ ఇచ్చి పట్టుకోమనాలి. విభాగపు సిబ్బంది ఆ పనిని వంతులవారీ బాధ్యతగా చేసుకోకూడదు. ఆప్రాన్‌ను మడత పెడితే లోపలి సీసం పగులుతుంది, హ్యాంగర్‌కే తగిలించాలి.

మీకు తగిలిన మోతాదును కొలిచే టి.ఎల్.డి. బ్యాడ్జి ఛాతీ మీద, ఆప్రాన్ లోపల ఉండాలి. అందులోని బిళ్లల్లో డిస్‌ప్రోషియం కలిపిన కాల్షియం సల్ఫేట్ ఉంటుంది. కిరణాలు పడినప్పుడు అది శక్తిని పట్టి ఉంచుకుని, తర్వాత వేడి చేసినప్పుడు వెలుగుగా విడిచిపెడుతుంది, ఆ వెలుగును కొలిచి మీ మోతాదు లెక్కగడతారు. డ్యూటీ దిగిన తర్వాత బ్యాడ్జిని ఆప్రాన్‌కే గుచ్చి ఎక్స్-రే గదిలో వదిలేస్తే అది ఆప్రాన్ మోతాదును కొలుస్తుంది, మీది కాదు. ఎవరూ ధరించకుండా పోలిక కోసం ఉంచే కంట్రోల్ బ్యాడ్జితో కలిపి, కిరణాలు చేరని గదిలో, ఎండ తగలని చోట దాచాలి. మూడు నెలలకొకసారి వచ్చే నివేదికలో మీ పేరు ఎదురుగా ఉన్న అంకెను అడిగి చూసి, మీ పుస్తకంలో రాసుకోండి. అది పెరిగితే ఆ మూడు నెలల్లో ఏ పోస్టింగులో ఉన్నారో, పోర్టబుళ్లు ఎన్ని తీశారో రేడియేషన్ భద్రతా అధికారితో కూర్చుని సరిచూసుకోవాలి.